రీస్కాన్ తర్వాత డిస్క్ ఎందుకు నెమ్మదించింది?

అప్పనపల్లి బాల బాలాజీ గుడికి కూతవేటు దూరంలో ఇల్లున్నా, నెట్ సరిగా ఉంటే ఎక్కడో ఉన్న లినక్స్ సర్వర్లను ఇంటి నుంచే చూసుకోవచ్చు. అలా నైట్ షిఫ్టు చేసే తమ్ముళ్ల కోసం ఈ మాట.

బ్యాకప్ త్వరగా అవ్వాలని డిస్క్‌కి మ్యాక్స్ సెక్టార్స్ విలువ (ఒక్క రిక్వెస్టులో పంపగల డేటా హద్దు) పెంచుతారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. స్టోరేజీ టీమ్ లన్ సైజు పెంచి రీస్కాన్ చేయమంటుంది. ఆ రాత్రే బ్యాకప్ మళ్లీ నత్తనడక. ఎవరినడిగినా మేమేం మార్చలేదంటారు. అదీ నిజమే, మార్చింది డ్రైవర్.

రీస్కాన్‌లో డ్రైవర్ డిస్క్ హద్దులేమిటో మళ్లీ కనుక్కుంటుంది. పాత కెర్నెళ్లలో ఆ పనిలో పనిగా మీ విలువ చెరిపేసి డిఫాల్ట్ రాసేసేది. 2017లో మార్టిన్ పీటర్సన్ స్కజీ డిస్క్ డ్రైవర్‌ని సరిచేశారు. 4.14 కెర్నెల్ నుంచి మీరు తగ్గించి పెట్టిన విలువ జోలికి అది రాదు. పెంచిన విలువ కూడా నిలిచేలా 2023లో కీత్ బుష్ బ్లాక్ లేయర్‌లోనే దాన్ని విడిగా దాచే ఏర్పాటు చేశారు. హార్డ్‌వేర్ హద్దు దాటనంత వరకూ అది ఉంటుంది, సున్నా రాస్తే డిఫాల్ట్‌కి వెళ్తుంది.

కెర్నెల్ నంబరు చూసి ధీమా పడొద్దు. కంపెనీలు వాడే డిస్ట్రోల్లో పాత నంబరు మీదే కొత్త దిద్దుబాట్లు కలుపుతుంటారు. టెస్ట్ సర్వర్లో విలువ మార్చి, రీస్కాన్ చేసి చూడటమే నమ్మకమైన పరీక్ష.

రీబూట్ సంగతి వేరు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో చేత్తో రాసింది ఏ కెర్నెల్‌లోనైనా పోతుంది. యూడెవ్ రూల్ రాయండి, యాడ్ ఈవెంట్‌తో పాటు చేంజ్ ఈవెంట్‌కీ వర్తించేలా. అయితే సైజు మారని రీస్కాన్‌కి యూడెవ్‌కి కబురు అందకపోవచ్చు. అందుకే రీస్కాన్ స్క్రిప్టు చివర యూడెవ్ ట్రిగ్గర్ కూడా పెట్టండి.

మల్టీపాత్ ఉంటే ఆ విలువ మల్టీపాత్ కాన్ఫిగ్‌లోనే ఉండాలి. నడుస్తున్న పాత్ మీద తగ్గిస్తే ఐఓ ఎర్రర్లు రావచ్చు, అర్ధరాత్రి ఆ ప్రయోగం వద్దు. మారింది మ్యాక్స్ సెక్టార్స్ కాక రీడ్ అహెడ్ అయితే డ్రైవర్ని తిట్టేముందు ట్యూన్డ్ ప్రొఫైల్ చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు.

మార్చకముందు విలువ, మార్చాక విలువ, ఎందుకు మార్చారో టికెట్‌లో రాయండి. రీస్కాన్ అయ్యాక సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ విలువ ఉన్న ఫైలు ఒకసారి తెరిచి చూశాకే టికెట్ క్లోజ్ చేయండి.