'మగిస్తెర్' అను లాటిను పదమును గూర్చి

ఒకనాడు తరగతిలో ఆంగ్లపదముల వ్యుత్పత్తులను చెప్పుచుండగా ఒక బాలుడు తన ప్రక్కవానిని చూపి, "అయ్యా, వీడు మేస్త్రి కొడుకు; వీనికి ఈ పాఠ మెందుకు?" అని పరిహాస మాడెను. తరగతి యంతయు నవ్వెను. ఆ రెండవ బాలుడు తలవంచుకొని పుస్తకమునే చూచుచుండెను. అప్పుడు మేము నల్లబల్లమీద ఒకవైపున 'మాస్టరు' అనియు, రెండవవైపున 'మేస్త్రి' అనియు వ్రాసి, ఈ రెండును ఒక్కతల్లి బిడ్డలే యని చెప్పితిమి. ఎవరును నమ్మినట్లు కనబడలేదు. ఇంతలో గంట మ్రోగెను. ఆనాడు సగములో నిలిచిపోయిన పాఠము నిచ్చట పూర్తిచేయ దలచితిమి.

ఆ తల్లి పేరు 'మగిస్తెర్'. ఇది లాటిను పదము. ఇందు 'మగిస్' అనగా 'అధికముగా' అని యర్థము. సంస్కృతమందలి 'మహత్' శబ్దమును, గ్రీకునందలి 'మెగాస్' శబ్దమును దీనికి జ్ఞాతులు. తుదనున్న 'తెర్' అను ప్రత్యయము గురుతరము, లఘుతరము అను మాటలలో మన మెరిగిన 'తర' ప్రత్యయమునకు తోబుట్టువు. కావున మగిస్తెర్ అనగా తక్కినవారికంటె అధికుడు, పైవాడు అని తేలుచున్నది. మనవారు ఉపాధ్యాయుని 'గురువు' అనిరి. గురువనగా బరువైనవాడు. లాటినులో బరువును తెలుపు 'గ్రవిస్' అను పదము ఈ గురుశబ్దమునకు చుట్టమే. రోమకులు పెద్దతనమును బట్టియు, మనవారు బరువును బట్టియు పేరు పెట్టిరన్నమాట. బరువంతయు తమ వీపులమీదనే యున్నదని మా బాలు రందురు గాని, అది వేరు సంగతి.

ఈ పదము బడికి మాత్రమే చెందినది కాదు. రోమునందు ఆపత్కాలమున సర్వాధికారిగా నియమింపబడువానికి 'జనమునకు మగిస్తెర్' అని ప్రాచీన నామము. వాని క్రింది రెండవవాడు 'ఆశ్వికులకు మగిస్తెర్'. ఓడను నడపించువాడును మగిస్తెరే, మందలను కాయు కాపరులలో పెద్దయు మగిస్తెరే. విందులో ద్రాక్షారసమున నీ రెంత కలుపవలెనో నిర్ణయించువానికి సయితము ఈ పేరే చెల్లెను. అధికారపదవికి 'మగిస్త్రాతుస్' అను పేరు దీనినుండియే కలిగినది. నేటి మేజిస్ట్రేటు దాని సంతానము. ఎచ్చట నలుగురు కూడి ఒక పని చేయుదురో, ఆ పని యెరిగి ముందు నిలుచువాడు మగిస్తెర్. బానిసను కొనిన యజమానునికి మాత్రము లాటినులో 'దొమినుస్' అను వేరు మాట కలదు. పని నేర్పువాడు వేరు, మనుష్యుని స్వంతము చేసికొనినవాడు వేరు. ఆంగ్లేయులు ఈ రెంటికిని 'మాస్టరు' అను నొక్కమాటనే వాడి గొప్ప తేడాను పోగొట్టుకొనిరని మా యభిప్రాయము.

బడిపంతులును రోమకులు 'లూదుస్' యొక్క మగిస్తెర్ అనిరి. లూదుస్ అనగా ఆట, బడియు లూదుసే. ఆ బడిలో ఆట యెంతయుండెనో చెప్పుటకు ఓర్బిలియసు అను పంతులే సాక్షి. ఆయన క్రీ. పూ. 63వ సంవత్సరమున, తన యేబదియవ యేట రోమునకు వచ్చి బడి పెట్టెను. ఆయన శిష్యుడైన హొరేసు మహాకవియై, దెబ్బల పంతులని తన గురువును లోకమున శాశ్వతము చేసెను. ఇంత జేసియు ఓర్బిలియసు సంపాదించినది కీర్తియేకాని ధనము కాదు. ముసలితనమున తాను బీదవాడననియు, ఇంటికప్పు పెంకులక్రింద కాపుర ముంటిననియు ఆయనయే వ్రాసికొనినట్లు స్వెటోనియసు చెప్పినాడు. దాదాపు నూరేండ్లు జీవించి, తుదకు జ్ఞాపకశక్తి పోగొట్టుకొనెను. ఆయన పుట్టిన బెనెవెంటుమువారు పాలరాతి విగ్రహము నిలిపిరి.

జీతముల లెక్క స్పష్టముగా తెలియవలె నన్నచో క్రీ. శ. 301వ సంవత్సరమునకు రావలెను. ఆ యేట డయోక్లీషియను చక్రవర్తి ధరలును కూలియు ఇంతకు మించరాదని శాసనము చేసి రాళ్లపై చెక్కించెను. దానిలో చదువను వ్రాయను నేర్పు మగిస్తెరునకు నెలకు తలకు 50 దీనారములు. (మన సంస్కృతములోని దీనారశబ్దమును రోమునుండి వచ్చినదే.) భాషాపండితునకు 200. అదే శాసనములో రాతిపనివానికి, భోజనము గాక, దినమునకు 50. బాలు రీ లెక్క చేసి చూడవలెను. ఒక పిల్లవానికి నెలయంతయు అక్షరములు దిద్దించినందుకు పంతులునకు దొరకునది, రాయి పేర్చినవానికి ఒక్కదినమున దొరకును. ముప్పది దినములు పనిచేసిన ఆ పనివానితో సరితూగుటకు పంతులునకు ముప్పదిమంది శిష్యులు కావలెను. ఆపైని తిండి తానే చూచుకొనవలెను.

రోము పడిపోయినను పదము పడిపోలేదు. అది ఫ్రెంచిలో 'మేత్ర్', ఇటలీలో 'మాయెస్త్రో', జర్మనులో 'మైస్టెర్', ఆంగ్లమున 'మాస్టరు' అయినది. పేర్లకు ముందుంచు 'మిస్టరు' మాస్టరే నలిగి యేర్పడినది. 'మిసెస్', 'మిస్' అనునవి దాని స్త్రీలింగరూపమైన 'మిస్ట్రెస్'నుండి కుదించినవి. మిషను అను మాటకును 'మిస్'నకును సంబంధము లేదు. మిషను 'పంపుట' అను అర్థముగల వేరొక లాటిను ధాతువునుండి వచ్చినది. ఈ సందేహమును పెద్దలును అడిగియున్నారు గనుక వ్రాసితిమి.

పోర్చుగీసువారి నోట మగిస్తెర్ 'మెస్త్రె' అయ్యెను. వారు 1498లో కళ్లికోటకు వచ్చిరి, 1510లో గోవాను పట్టిరి. అలమార, పీపా, అనాస, పాదిరి మొదలగు మాటలతోపాటు మెస్త్రెయు మన దేశభాషలలో చొచ్చి, తెలుగున 'మేస్త్రి' యైనది. వారి దేశమున చేతిపనిలో ఆరితేరి, ఇతరులకు నేర్పగలవానికే ఆ పేరు. కావున తాపీపని మేస్త్రి ఆ బిరుదమును పాతయర్థముననే ధరించుచున్నాడు. పదిమందిని వెంటబెట్టుకొని, దారము పట్టి, గోడ నిట్టనిలువుగా లేపువాడు మగిస్తెరు గాక మరెవ్వడు?

అయినను ఈ పదమునకు మచ్చయు కలదు; దాచుట న్యాయము కాదు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధము మొదలు బర్మాలోని బియ్యపుమిల్లులకును రంగూను రేవునకును గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి తెలుగు కూలీలను తోడుకొనిపోయినవారికి మేస్త్రీలని పేరు. వారు బయానా యిచ్చి ఓడ యెక్కించి, అక్కడ కూలిలోనుండి కోసికొనెడివారు. అప్పు తీరువరకు కూలివాడు కదలుటకు లేదు. అచ్చట మగిస్తెర్ మెల్లగా దొమినుస్ అయ్యెను.

మగిస్తెరునకు ఎదురుమాట 'మినిస్తెర్'. 'మినుస్' అనగా తక్కువ. మినిస్తెర్ తక్కువవాడు, సేవకుడు. నేటి రాజ్యములలో మినిస్టరు మంత్రి, దేవాలయములో కాపరి. నాల్గవ శతాబ్దాంతమున జెరోము సువార్తలను లాటినున సవరించినప్పుడు, మీలో గొప్పవాడు పరిచారకుడై యుండవలె నను ప్రభువు మాటకు 'మినిస్తెర్' అను పదమునే వాడెను. దాని ముందరి వచనముననే, మగిస్తెర్ అనిపించుకొనవలదని యున్నది. ఆ రెండు పదములును అట్లు ఎదురెదురుగా నిలుచుట లాటినుననే కనబడును. మూలమైన గ్రీకులో ఈ మాటల పొందిక లేదు.

మరునాడు ఆ బాలుడు ఈ సంగతులను, రోముజీతముల లెక్కతో కూడ, తన తండ్రికి చదివి వినిపించెనట. మేస్త్రిగారు అంతయు విని, "ఆ పంతులుగారికి ముప్పదిమంది పిల్లలు దొరికిరా, నాయనా?" అని యడిగిరట. మేము ఓర్బిలియసుగారి పెంకులక్రింది గది సంగతి మరల చెప్పి పంపితిమి.