తగలకుండా విసిరిన రాళ్లు

గద్వాల

బిడ్డా,

నాగర్‌కర్నూల్ హాస్టల్లో నిన్ను లీడర్‌గా పెట్టారని మీ నాయన ఫోన్లో చెప్పాడు. ఇంగ్లిష్ సార్ విలియం గోల్డింగ్ నవల 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' చదవమన్నారని కూడా చెప్పాడు. ఆ పదవినీ ఈ పుస్తకాన్నీ వేరువేరుగా చూడొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

యుద్ధకాలంలో విమానం కూలి, పెద్దవాళ్లెవరూ లేని దీవిలో చిక్కుకున్న బడిపిల్లల కథ అది. రాల్ఫ్‌ను నాయకుడిగా ఎన్నుకుంటారు. శంఖం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలని కట్టుబాటు పెట్టుకుంటారు. చివరికి సైమన్‌ను గుంపుగా కొట్టి చంపుతారు. రోజర్ దొర్లించిన బండకు పిగ్గీ బలవుతాడు. చదివేవాళ్లు ఆ చావుల దగ్గర ఆగిపోతారు. నువ్వు అంతకు చాలా ముందు, నాలుగో అధ్యాయంలో ఆగు.

అక్కడ ఇదే రోజర్, హెన్రీ అనే చిన్నపిల్లాడి వైపు రాళ్లు విసురుతుంటాడు. ఒక్కటీ తగలదు, కావాలనే తప్పిస్తాడు. ఆ పిల్లాడి చుట్టూ కొన్ని గజాల మేర రాయి పడదు. తల్లిదండ్రులు, బడి, పోలీసులు, చట్టం ఎక్కడో దూరాన ఉండి కూడా రోజర్ చేతిని ఇంకా పట్టుకునే ఉన్నాయి. ఆ పట్టు ఎట్లా సడలిందన్నదే మిగతా నవల. రాల్ఫ్‌కు పోటీగా నిలిచిన జాక్ ముఖానికి రంగు పూసుకోగానే సిగ్గు పోయింది. పందిమాంసం అతని చేతిలో ఉంది కనుక ఆకలిగొన్నవాళ్లు అటు నడిచారు. మృగం ఉందన్న భయాన్ని అతడు ఆరనివ్వలేదు. రాళ్లు విసిరిన రోజున రోజర్‌ను ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా భయం కలిగించేది అదే.

ఇక శంఖం. దాని బలం ఎంతో మన కోటలను చూస్తే తెలుస్తుంది. మన గద్వాల కోట గోడలు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి, లోపల డిగ్రీ కాలేజీ నడుస్తోంది. వనపర్తి రాజభవనం పాలిటెక్నిక్ అయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాక ఆ గోడల పేరు చెప్పి ఎవరూ ఎవరినీ శాసించలేరు. అధికారం వినేవాళ్ల ఒప్పుదలలో ఉంటుంది. పిగ్గీతో పాటే శంఖం ముక్కలైంది గానీ, దాని మాట వినడం పిల్లలు ఎప్పుడో మానేశారు.

గోల్డింగ్ బడిపంతులు, రెండో ప్రపంచయుద్ధంలో నావికాదళంలో పనిచేశాడు. 1954లో ఈ పుస్తకం అచ్చయింది. పిల్లలను కాపాడడానికి చివర్లో వచ్చిన అధికారి దిగింది కూడా యుద్ధనౌక నుంచే, గమనించు. పెద్దల లోకం చేస్తున్నదే పిల్లలు చిన్న కొలతలో చేశారు.

అయితే మనిషి పుట్టుకే ఇంత అని తేల్చేసేవాళ్లతో నేను ఏకీభవించను. 1965లో టోంగాకు చెందిన ఆరుగురు బడిపిల్లలు పడవలో పారిపోయి, తుపానులో కొట్టుకుపోయి, అటా అనే నిర్జన దీవికి చేరారు. ఏడాదికి పైగా అక్కడే బతికారు. పనులు వంతులేసుకున్నారు, నిప్పు ఆరకుండా కాచుకున్నారు. గొడవపడితే ఇద్దరూ కాసేపు చెరోవైపు వెళ్లి, కోపం చల్లారాక తిరిగి కలిసేవారు. ఒకడి కాలు విరిగితే మిగతావాళ్లే కట్టుకట్టి చూసుకున్నారు. 1966లో పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా వాసి చూసి, తన పడవలో తీసుకొచ్చేసరికి ఆరుగురూ క్షేమంగా ఉన్నారు.

మీ హాస్టల్ దీవి కాదు. కానీ రాత్రి భోజనాలయ్యాక, వార్డెన్ గది తలుపు మూశాక, కొత్తగా చేరిన పిల్లలకు అది దీవిలాగే ఉంటుంది. బట్టలు ఉతికించడం, గుంజీలు తీయించడం, అందరి ముందు పాడించి నవ్వడం తగలకుండా విసిరే రాళ్లే. "సరదాకే అన్నా" అంటారు. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం ఆ సరదాను నేరంగానే చూసింది. ఆటపట్టించి అవమానించినా ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. ఫిర్యాదు వచ్చాక పట్టించుకోని సంస్థ అధిపతిని కూడా నేరానికి సాయపడినవాడిగానే లెక్కగట్టింది. చూసీ ఊరుకోవడానికి ఆ చట్టం చోటివ్వలేదు.

కాబట్టి కొత్తపిల్లల గదికి రోజూ ఒకసారి వెళ్లు. వాళ్లతో కూర్చొని తిను. ఎవడైనా భయపడుతున్నట్టు కనిపిస్తే వాడిని నలుగురిలో అడగకు, ఒంటరిగా అడుగు. వార్డెన్‌కు చెప్పాల్సింది కాగితం మీద రాసి ఇవ్వు. ఆయన వినకపోతే 1098కి ఫోన్ చెయ్యి. నీ స్నేహితుడే తప్పు చేసినా సరే.

నాలుగో అధ్యాయం మళ్లీ చదివి, ఆ రోజు రోజర్‌ను రాల్ఫ్ చూసి ఉంటే ఏం చేయాల్సిందో ఒక పేజీ రాసి పంపు. తెలుగులోనే రాయి.

ఆశీస్సులతో,
మీ తాత