కూడలి – కూటమి : ఒక పద విచారము

పలువురు ఒకచోట చేరుటను దెలుపు పదములు తెలుగున అనేకములు గలవు. గుంపు, మూక, సభ, సంఘము అనునవి యన్నియు చేరికనే సూచించినను, ఒక్కొక్క పదమునకు ఒక్కొక్క ఛాయ యున్నది. 'కూడలసంగమదేవా' యను బసవేశ్వరుని అంకితమును నిత్యము స్మరించువారు అందలి 'కూడు' అను ధాతువు యొక్క అర్థమును గూడ తెలిసికొనుట ఉచితము.

'కూడు' అనగా చేరుట, కలియుట. ఇది ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. కన్నడమున 'కూట', తమిళమున 'కూట్టం' దీనినుండి పుట్టినవే. మధురకు 'కూడల్' అనునది ప్రాచీన నామము. పప్పును కూరగాయలను కలిపి వండిన వంటకమును తమిళులు 'కూట్టు' అందురు. తెలుగున దారులు కలియుచోటు కూడలి. అంకెలు కలియుట కూడిక. జనులు కలియుట కూటమి. కొంచెము కొంచెముగా దాచుట కూడబెట్టుట. ముందుగా మాటలాడుకొని ఏకాభిప్రాయమునకు వచ్చుట కూడబలుకుకొనుట.

ఇచ్చట రెండు భ్రమలకు తావీయరాదు. అన్నమను అర్థముగల 'కూడు' వేరు ధాతువు. తమిళమున దాని రూపము 'కూఴ్'. తమిళపు 'ఴ'కారము తెలుగున డకారమగుట పరిపాటి. అచ్చటి 'కోఴి' ఇచ్చట 'కోడి' యైనది. ఈ విధముగనే రెండు పదములును మన భాషలో ఏకరూపమును పొందినవి. అట్లే 'కూటసాక్షి' యందలి 'కూట' శబ్దము సంస్కృతము. దానికి అక్కడ కపటమని యర్థము.

ఇక కూడలసంగమము. కర్ణాటకమున బాగలకోట జిల్లాలో కృష్ణా మలప్రభా నదులు కలియు పుణ్యస్థలమది. 'కూడల' దేశ్యము, 'సంగమ' సంస్కృతము. 'సమ్' అను ఉపసర్గకు 'గమ్' ధాతువు చేరగా, కలిసి పోవుట యను అర్థము వచ్చినది. రెండు భాషలు ఒకే భావమును జెప్పుచు ఒక్క నామమున కూడియున్నవి. అదే కృష్ణ తెలుగునేలపై తుంగభద్రతో కలియుచోటి ఊరు కూడవెల్లి. అచ్చటి సంగమేశ్వరాలయము శ్రీశైల జలాశయపు ముంపు కారణమున ఆలంపురమునకు తరలింపబడినది.

ఈ ధాతువు యొక్క లోతు రెండు చిన్న మాటలలో తెలియును. మొదటిది 'కూడ'. "అతడు కూడ వచ్చెను" అన్నప్పుడు, అతనిని మనము ఇతరులతో చేర్చి లెక్కించుచున్నాము. రెండవది 'కూడదు'. పొసగదు, చేరదు అను భావమునుండియే తగదు అను నిషేధార్థము దీనికి కలిగినది. ఒకే ధాతువు ఒకచో తలుపు తెరచుచున్నది, ఒకచో మూయుచున్నది.

12వ శతాబ్దమున కళ్యాణమున నడచిన చరిత్ర ఈ రెండు మాటల సంఘర్షణమే. మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య, డోహర కక్కయ్య, అక్కమహాదేవి, వీరందరు కూడ అనుభవమంటపమున మాటలాడదగినవారని శరణులు తలచిరి. చాకలి, పడవ నడుపువాడు, తోలుపని చేయువాడు, స్త్రీ, వీరు సభకు రాకూడదని లోకము పలికెను. హరళయ్య కుమారునకు బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసు కుమార్తెనిచ్చి వివాహము చేయగా, బిజ్జలుడు ఆ ఇరువురు తండ్రులకును మరణదండన విధించెనని సంప్రదాయ కథనము. 'కూడ' అను చిన్న మాటకు వారు చెల్లించిన మూల్యమది.

నేడు కూటమి యను పదము రాజకీయ పక్షముల పొత్తునకు విరివిగా వాడబడుచున్నది. కాని దాని పరీక్ష సంఖ్యలో లేదు. మఠమున పంక్తి తీర్చినప్పుడు, సంఘ సమావేశమునకు పిలుపు పంపినప్పుడు, ఇంట పెండ్లి మాట నడచినప్పుడు, ఎవరి పేరునకు 'కూడ' చేర్చితిమి, ఎవరికి 'కూడదు' అంటిమి అని ప్రతి కుటుంబమును తన్ను తాను ప్రశ్నించుకొనవలయును. కూడలసంగమదేవుని పేరు పలుకు నోటికి ఆ రెండవ మాట అంత సులభముగా రాకుండుటే శోభ.