అపరిచిత పద్యము - అన్వయమార్గము

పదవ తరగతి తెలుగు పరీక్షలో పాఠ్యపుస్తకమున లేని పద్యము నొకదాని నిచ్చి ప్రశ్నలడుగుట కలదు. పాఠములోని పద్యములకు తాత్పర్యములను గైడు నుండి వల్లెవేసిన విద్యార్థి అచ్చట కలము క్రింద పెట్టును. లేదా తనకు తెలిసిన రెండు మూడు పదముల నేరుకొని, వాని చుట్టును ఒక నీతి నల్లును. ఆ నీతి మంచిదే కావచ్చును, పద్యములో మాత్రముండదు.

ఈ దోషమునకు మందు మెదకు సీమకు చెందిన కోలాచల మల్లినాథుని వ్యాఖ్యలలోనే యున్నది. తాను సమస్తమును అన్వయముఖముననే వివరింతుననియు, మూలములో లేనిది వ్రాయననియు, అపేక్షితము కానిది చెప్పననియు ఆయన సంజీవనీ వ్యాఖ్యారంభమున ప్రతిజ్ఞ చేసెను. రఘువంశమును పఠించు పండితునకు చేసిన ఈ మేలు పదునైదేండ్ల బాలునకు చేయరాదనుటకు హేతువు కానరాదు. పాఠశాలలో దండాన్వయము, ఖండాన్వయము అని రెండు తెఱగులు ప్రసిద్ధములు. పదముల నన్నిటిని వచనక్రమమున పేర్చుట మొదటిది. ప్రధానక్రియను పట్టుకొని 'ఎవరు? దేనిని? ఎట్లు?' అని ప్రశ్నించుచు పోవుట రెండవది. అపరిచిత పద్యమునకు రెండవదియే తగినది. ఏలయన పద్యమంతయు తెలియకున్నను అది మొదలుపెట్టుటకు వీలిచ్చును.

సిరిసిల్ల మగ్గములను చూచి పెరిగిన విద్యార్థికై అభ్యాసార్థము కూర్చిన ఈ ఆటవెలదిని గమనింపుడు:

తెగిన పోగు నరసి తీరుగాఁ గలుపును
మగ్గమెఱుఁగు నట్టి మనుజుఁ డొకఁడు;
మాట తెగిన చోట మౌనియై కూర్చుండు
చదువరైన వాఁడు జంకు గలిగి.

తొలి పాదమును చదివి ఆగిన బాలుడు 'తెగిన పోగు కలుపును' అని పోగునే కర్తగా తలచును. వ్యాకరణరీత్యా ఆ భ్రమకు తావు లేకపోలేదు. అప్పుడు ఉపాధ్యాయుడు తప్పని చెప్పక, 'అరసి' యను పదమును చూపవలెను. అరయుట, అనగా వెదకి చూచుట, చేతనుని పని; పోగునకు ఆ యోగ్యత లేదు. కావున కలుపువాడు వేఱొకడు. ఎవడు? ఆకాంక్ష కలిగినది; రెండవ పాదాంతమున మనుజుడు దొరకును. ఎట్టి మనుజుడు? మగ్గమెఱిగినవాడు. దేనిని కలుపును? తెగిన పోగును. ఆకాంక్ష, యోగ్యత యను శాస్త్రశబ్దములను బాలునకు చెప్పనక్కఱ లేదు, అతడు వానిని అప్పటికే ప్రయోగించినాడు.

రెండవ సగమున 'కూర్చుండు' అనునది క్రియ, చదువరి కర్త. 'మాట తెగిన చోట' అన్నప్పుడు మాట నూలు వలె తెగదు కదా యని పిల్లలు తప్పక అడుగుదురు. ఆ ప్రశ్న రానిచో ఉపాధ్యాయుడే పుట్టింపవలెను. అర్థము కొనసాగని తావు అని లక్షణచేత గ్రహించిన పిదప రెండు సగముల సంబంధము తెలియును: ఒకడు తెగినచోట పనికి పూనుకొనును, ఒకడు పని మానును. చదువరి నేతగాని వలె చేయవలెనన్న మాట పద్యమున ఎచ్చటను లేదు. అది వ్యంగ్యము. కనుక జవాబులో 'కవి చెప్పెను' అని కాక 'కవి సూచించెను' అని వ్రాయుట న్యాయము. ఈ ఒక్క భేదము తెలిసిన విద్యార్థికి సగము విమర్శ వచ్చినట్లే.

పై పద్యమున 'అరసి', 'ఎఱుఁగు' అను రెండును కఠినపదములని గైడు వ్రాయును. అయితే కోరుట్ల, జగిత్యాల పల్లెలలో ముదుసలిని 'అరుసుకొనుట' నిత్యవ్యవహారము. తరగతిలో 'ఎర్క లేదు సార్' అన్న బాలుని భాష సరిదిద్దబడుచున్నది. అతడు పలికినది కావ్యములలోని 'ఎఱుక'యే యని చెప్పువారు అరుదు. పొత్తు, కొలువు మొదలగునవియు ఇట్టివే. ఇంటి మాటను మోటుమాటగా తలచి గడప బయట విడిచి వచ్చిన పిల్లవానికి ప్రాచీనపద్యము పరాయిదగుట వింతకాదు. హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డి సిరిసిల్లలో చదివినది ఉర్దూ మాధ్యమమున. తెలుగు ఆయనకు బాల్యమున హరికథల నుండియు జానపదముల నుండియు అందినది.

ధర్మపురి శేషప్పకవి నరసింహశతకము వంటి శతకములలోని పద్యము వచ్చినచో ముందుగా మకుటమును వేఱుచేసి సంబోధనగా గుర్తింపవలెను. లేనిచో అందలి విశేషణములు పద్యార్థముతో కలిసిపోవును. సీసమున నాలుగు పాదముల పిదప వచ్చు గీతపద్యములో ప్రధానక్రియ దాగియుండుట కలదు. అందుచే పద్యమును తుదిదాక చదివిన పిదపనే వెదకుట మేలు.

వచనకవితకును ఈ మార్గము చెల్లును. అచ్చట క్రియ లోపించుట తఱచు; విద్యార్థి దానిని అధ్యాహారము చేసికొనవలసి వచ్చును. చేసికొన్న పదమును కుండలీకరణమున ఉంచుట అలవాటు చేసినచో, ఏది కవిమాటయో ఏది తన మాటయో అతనికే కనబడును.