కాలేజీ వ్యాసం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఇంటర్ చదివి, అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో చేరింది. ప్రిపరేటరీ ఇంగ్లిష్ కోర్సులో తరచూ వ్యాసాలు రాయమంటున్నారు. గ్రామర్ తప్పులకు భయపడి రెండు లైన్లు కూడా రాయలేకపోతోంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, ఫ్రీమాంట్

జవాబు: ఈ భయం పాతదే. 1970లో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ ప్రవేశాల తలుపులు బార్లా తెరిచినప్పుడు, రాయడం అలవాటు లేని వేలమంది క్లాసుల్లోకి వచ్చారు. అక్కడి సిటీ కాలేజీలో పాఠం చెప్పిన మీనా షానెసీ కొత్తగా చేరిన విద్యార్థుల స్థాయి తెలుసుకోవడానికి రాయించిన దాదాపు 4,000 వ్యాసాలు పరిశీలించి 1977లో ఒక పుస్తకం తెచ్చారు. విద్యార్థుల తప్పుల వెనక నిర్లక్ష్యం కంటే ఒక తర్కమే కనిపిస్తుందని ఆమె తేల్చారు.

తర్కం ఉన్న తప్పులను తర్వాత గుర్తించి దిద్దుకోవచ్చు, కాబట్టి గ్రామర్ చివరి పని. మొదటి పని వాదన.

‘హైదరాబాద్‌లో ట్రాఫిక్ ఎక్కువ’ అంటే అందరూ ఒప్పుకుంటారు, ఇక రాయడానికేమీ మిగలదు. ‘మెట్రో స్టేషన్ నుంచి కాలనీలకు చిన్న బస్సులు నడిపితే సొంత బండ్లు తగ్గుతాయి’ అంటే ఎవరైనా ‘ఎందుకు?’ అని అడుగుతారు. ఆ జవాబులే పేరాలవుతాయి. ఒక్కో పేరాకు ఒక్కటే కారణం, దాని కింద ఒక ఉదాహరణ, అది వాదనకు ఎలా పనికొస్తుందో చెప్పే రెండు వాక్యాలు. గైడు చూసి బట్టీపట్టిన వ్యాసాల్లో సాధారణంగా కనిపించనివి ఆ రెండు వాక్యాలే.

చాలా కమ్యూనిటీ కాలేజీల్లో ఉచిత రైటింగ్ సెంటర్ ఉంటుంది. చిత్తుప్రతి సగమే పూర్తయినా అక్కడికి తీసుకెళ్లవచ్చు.