నాలుగు గోడల నడుమ నుండి వచ్చు పిలుపు

ఆపదలో నున్నవాడు సహాయమునకై ఫోను చేసినప్పుడు అవతలివారు మొట్టమొదట నడుగునది "మీరెక్కడ నున్నారు?" అనియే. ఊపిరాడక నోట మాట రానివాడు దీనికెట్లు బదులు చెప్పగలడు? ఆ బదులు యంత్రమే చెప్పవలెనని అమెరికా దేశమున చిరకాలముగా ప్రయత్నము జరుగుచున్నది. అచ్చటి ఆపత్కాలపు సంఖ్య 911. దానితో మొదటి పిలుపు 1968లో అలబామా రాష్ట్రమందలి హేలీవిల్ పట్టణమున జరిగినది.

తీగల టెలిఫోను కాలమున తీగ యే యింటికి పోయినదో కంపెనీ లెక్కలలో నుండెడిది. సెల్‌ఫోను వచ్చిన పిమ్మట ఉపగ్రహములు తోడ్పడినవి. కాని యవి ఇంచుమించు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగునవి. వాని సంకేతము నేల చేరునప్పటికే మిక్కిలి క్షీణించును. ఇక కాంక్రీటు కప్పును దాటుట దుర్లభము.

టవరు సంకేతము గూడ అందని గదులలో ఫోను ఇంటనున్న వైఫై ద్వారా, ఇంటర్నెట్టు మార్గమున మాటను పంపును. ఇదియే వైఫై కాలింగు. ఇట్లు పోయిన పిలుపు ఏ టవరు పరిధి నుండి బయలుదేరెనో చెప్పుటకు వీలులేదు. కావున అచ్చటి కంపెనీలు ముందుగనే యొక చిరునామా వ్రాసియిమ్మని కోరును. మన తెలుగువారనేకులు కాపురమున్న డల్లాసులో చిరునామా వ్రాసియిచ్చినవాడు షికాగోలో బంధువులయింట జబ్బుపడినచో, ఫోను కొత్తచోటును కనుగొనలేని పక్షమున, పిలుపు డల్లాసునకే పోవచ్చును! అమెరికాలో బిడ్డలున్న తల్లిదండ్రులు, ఇల్లు మారినప్పుడెల్ల ఈ చిరునామాను గూడ మార్పించుకొనుడని వారికి తెలుపుట మంచిది.

అయితే చిక్కు తెచ్చిన వైఫైయే విరుగుడును తెచ్చినది. ప్రతి రౌటరును తన ప్రత్యేక సంఖ్యను ఎడతెగక ప్రకటించుచుండును. ఏ సంఖ్య యెచ్చట వినవచ్చునో గూగులు, ఆపిల్ సంస్థలు పట్టికలు కూర్చుకొన్నవి. ఏది బిగ్గరగా, ఏది మెల్లగా వినవచ్చుచున్నదో పోల్చి ఫోను తన చోటును అంచనా కట్టును. కన్నులు మూసికొన్నవాడు గుడిగంటను, పిండిమర చప్పుడును విని తానే వీథిలో నున్నాడో చెప్పుట వంటిదే యిది. కొన్ని క్రొత్త ఫోనులు సంకేతము రౌటరునకు పోయి వచ్చు కాలమునే కొలుచును. రేడియో తరంగము సెకనులో నూరుకోట్లవ వంతున 30 సెంటీమీటర్లే పోవును గనుక, రౌటరు గూడ తగినదైనచో, దూరము ఒకటి రెండు మీటర్ల తేడాతో తేలును.

ఇల్లు తెలిసినను అంతస్తు తెలియవలదా? మీటరు పైకెక్కినచో గాలి పీడనము సుమారు 12 పాస్కలులు తగ్గును. పెక్కు ఫోనులలో దీనిని కొలుచు చిన్న సాధనము గలదు. వాతావరణము మారినను పీడనము మారును గనుక, దాపునగల కేంద్రపు కొలతతో సరిచూడవలెను. నూటికి 80 పిలుపులలో చోటు 50 మీటర్ల లోపల తెలియవలెనని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను 2015లో నియమించినది. ఎత్తు 3 మీటర్ల తేడాలో తెలియవలెనని 2019లో చేర్చినది. మూడు మీటర్లనగా ఇంచుమించు ఒక అంతస్తు. అగ్నిమాపక భటుడు మెట్లెక్కి ఇంచుమించు ఏ అంతస్తున వెదకవలెనో నిర్ణయించుకొనుటకు అది తోడ్పడును.