కొన్న కారుతో 24 గంటలు

ప్రాజెక్ట్ రివ్యూలో మా బ్యాచ్‌కి ఒక ప్రశ్న పడింది: "ఇంజన్ కొన్నరు, టైర్లు కొన్నరు. మరి మీరు చేసిందేంది?" ఒక్కరికీ నోట మాట రాలేదు. నాకు జవాబు తర్వాత కార్ రేసుల్లో దొరికింది.

ముందు మిర్యాలగూడ వైపు వరికోతలు గుర్తు చేసుకోండి. కోత మిషన్ ఓనర్ మిషన్‌ని తయారు చేయడు, కంపెనీ దగ్గర కొంటాడు. పక్కూరి ఓనర్‌దీ అదే మోడల్. అయినా సీజన్ అయ్యేసరికి ఒకాయన లోను కడతాడు, ఇంకొకాయన మిషనే అమ్ముకుంటాడు. అవర్ మీటర్ చూసి ఆయిల్ మార్చడం, బెల్టు తెగకముందే కొత్తది తెచ్చిపెట్టుకోవడం, రాత్రి డ్రైవర్‌ని ఎప్పుడు దించి పడుకోబెట్టాలో తెలియడం... తేడా అంతా అక్కడే.

ఎండ్యూరెన్స్ రేసింగ్‌లో కస్టమర్ టీమ్ కూడా ఇలాంటిదే. ఫెరారీ, పోర్షే లాంటి కంపెనీలు సొంతంగా ఫ్యాక్టరీ టీమ్‌ని దింపుతాయి, ప్రైవేటు టీమ్‌లకూ కార్లు అమ్ముతాయి. కొన్నాం కదా అని ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడం కుదరదు. హోమోలోగేషన్ రూల్స్ ప్రకారం డిజైన్ ఫిక్స్. పోర్షే 911 జీటీ3 కప్ కారులో అయితే ఇంజన్‌కి సీలే ఉంటుంది. ఇక టీమ్ చేతిలో మిగిలేవి టైర్లు, బ్రేకులు, ఇంధనం, డ్రైవర్ల వంతులు, పిట్‌లో గడిపే సెకన్లు.

అవి చాలా అంటారా? 2025 జూన్‌లో లె మాన్స్ 24 గంటల రేసు చూడండి. ఫెరారీ ఫ్యాక్టరీ కార్లు రెండు ఎర్రవి, 50, 51 నంబర్లు. మూడోది పసుపు రంగు 83. ఏఎఫ్ కోర్సె ప్రైవేటుగా దింపిన కారు. గెలిచింది ఆ పసుపు కారే! కుబిత్సా, యె యిఫె, హాన్సన్ వంతులవారీగా నడిపి 387 ల్యాపులు తిప్పారు. (ఫ్యాక్టరీ కార్లను చూసుకునేదీ ఏఎఫ్ కోర్సే కాబట్టి, 83ని మరీ దిక్కులేని టీమ్ అనుకోకండి.) రెండో స్థానంలోని పోర్షేకి తేడా 14 సెకన్లే. పిట్‌లో 25 సార్లు ఆగారనుకుందాం. ఆగిన ప్రతిసారీ ఒక్క సెకను పోగొట్టుకున్నా 25 సెకన్లు, రేసు పోయినట్టే.

సికింద్రాబాద్‌లో పుట్టిన నటుడు అజిత్ కుమార్ సంగతి ఇంకోటి. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసుకి తన పేరుతోనే టీమ్ పెట్టాడు, పోర్షే కారు. రేసుకి ముందు టెస్టింగ్‌లో ఆయన కారు గోడకు కొట్టుకుంది. తర్వాత ఆయన తన టీమ్ కారు నడపకుండా తప్పుకుని, వేరే టీమ్ కారులో పాల్గొన్నాడు. ఆయన టీమ్ తన క్లాసులో మూడో స్థానం తెచ్చుకుంది. స్టీరింగ్ వదులుకోవడం కూడా ఓనర్ చేయాల్సిన పనే అని నాకప్పుడు అర్థమైంది.

మన హైదరాబాద్‌లో జరిగినదీ చెప్పాలి. అది 24 గంటల రేసు కాదు, గంటలోపే అయిపోయే ఫార్ములా ఈ. కానీ కస్టమర్ లెక్క అదే. జాగ్వార్ తన పవర్‌ట్రెయిన్‌ని ఎన్విజన్ టీమ్‌కి కూడా ఇస్తుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన జాగ్వార్ సొంత కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుని రేసు నుంచి తప్పుకున్నాయి. ఎన్విజన్ డ్రైవర్ నిక్ కాసిడీ రెండో స్థానంలో వచ్చి 18 పాయింట్లు పట్టుకెళ్లాడు. సీజన్ చివర్లో టీమ్ టైటిల్ ఎన్విజన్‌ది, రెండో స్థానం జాగ్వార్‌ది. తేడా 12 పాయింట్లు.

మా ఫైనల్ రివ్యూకి ఇంజన్ మీద ఒక్క స్లైడే పెట్టాం. మిగతావన్నీ లాగ్‌బుక్ పేజీలు: ఏ రోజు ఎన్ని గంటలు నడిచింది, ఏ బోల్టు లూజయింది, చెయిన్ ఎన్నో గంటకి మార్చాం. ఈసారి ప్రశ్నలు అరగంట పడ్డాయి.